మూడు రోజుల కంచం

మా అమ్మాయికి యాభై ఒకటి నిండాయి. మొన్న డాక్టరమ్మ దగ్గరికి పోయి వచ్చి, ఒక కాగితం తెచ్చి నా ముందు కూచుని చదివింది. ముట్లు ఆగిపోయిన ఆడవాళ్లు ఏం తినాలో అందులో అచ్చు వేసి ఉంది. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ఆకుకూరలు, పప్పులు, వీలైతే రోజుకో గుడ్డు. అట్లా తింటే ఎముకలు గుల్లబారవట, ఒంట్లో ఆవిర్లు తగ్గుతాయట, నిద్ర పడుతుందట. "ఈ వయసులోనే బాగా తినాలంటమ్మా" అని, నాకేదో కొత్త సంగతి చెప్పినట్టు చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. కాగితం లాక్కుని మంచం మీద పడేశాను. పాపం, అది బిక్కమొహం వేసుకుని చూసింది.

నా కోపం దాని మీద కాదు. ఇది పుట్టకముందు, ఇదే మాట ఆదోని ఆసుపత్రిలో ఒక నర్సమ్మ మా అత్తతో చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఆ మాటను ఎమ్మిగనూరు దాకా బస్సులో మోసుకొచ్చి మేమంతా కలిసి ఏం చేశామో తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

మా అత్త పేరు రాయను. ఆ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచిన వాళ్లు లేరు. మామ "ఏమ్మే" అనేవాడు. మామను కన్న తల్లి, మేమంతా అవ్వ అని పిలిచే ముసలామె, "మేయ్" అనేది. ఆ రెండు కేకలకూ మా అత్త ఇంట్లో ఏ మూల ఉన్నా లేచి వచ్చేది. అప్పుడు ఆమెకు నలభై ఏడో నలభై ఎనిమిదో. నాకు పదిహేడు. కర్నూలు రాజధాని అయిందని మగవాళ్లు మగ్గం గుంతల్లో కూచుని గొప్పగా చెప్పుకునే రోజులు. రాజధాని వచ్చింది సరే, మా వంటింట్లోకి ఏం వచ్చిందో నాకైతే కనబడలేదు.

ఆమెను తలుచుకుంటే నాకు ముందు వినిపించేది ఒక చప్పుడు. సంగటి కుండను నాలుగు వేళ్లతో అడుగు నుంచి అంచు దాకా చుట్టూ గీకే చప్పుడు. మామ, నా మొగుడు, కూలికి నేసే ఇద్దరు మనుషులు ముందు తినేవాళ్లు. ఆ తర్వాత అవ్వ. ఆ తర్వాత నన్ను కూచోబెట్టేది, చిన్నదాన్నని. అందరూ లేచాక ఆమె కుండ ఒళ్లో పెట్టుకుని గీకేది. అదే ఆమె భోజనం. కుండకు అంటుకున్నది ఎక్కువగా ఉన్న రోజు ఆమె మొహం కొంచెం తేటగా ఉండేది.

ఇంటికి ఎవరొచ్చినా "తింటివా?" అని అడిగేది. నూలు తెచ్చిన మనిషిని అడిగేది, అడుక్కోవడానికి వచ్చిన వాణ్ని అడిగేది, గోడ మీది పిల్లిని కూడా అడిగేది. ఆమెను తిరిగి అడిగిన వాళ్లను నేను చూడలేదు. నేనూ అడగలేదు. కాపురానికి వచ్చిన మూడో నెలలో గాబోలు, ఒకసారి అడిగితే "నాదేముండాదిలే" అని చీర కొంగుతో మెడ తుడుచుకుంది.

మా ఇంట్లో వారానికోసారి నూలుకు గంజి పెట్టేవాళ్లు. పడుగును వీధి పొడుగునా సాగదీసి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. గంజి పట్టని పోగు మగ్గం మీద నిలవదు, తెగుతుంది. ఆ గంజి కాచేది మా అత్తే. ఒక్క ఉండ కట్టనిచ్చేది కాదు. మామ వచ్చి వేలు ముంచి చూసేవాడు. రవ్వంత పల్చగా ఉంటే ఇల్లెగిరిపోయేట్టు అరిచేవాడు. అదే గింజలతో కాచిన అంబలి మా అత్త ముంతలో ఎంత చిక్కగా ఉందో చూడాలని ఆయనకు ఎన్నడూ తోచలేదు.

ఇంతటి ఇంట్లో ఆమెకు నెలకు మూడు రోజులు మాత్రం నిండు కంచం దొరికేది. అది కూడా ఎవరి దయా కాదు.

అవ్వ ముట్టు మైల గట్టిగా పాటించేది. బయట చేరిన ఆడది గొడ్ల కొట్టానికి ఆనుకున్న చిన్న వసారాలో ఒక చాప మీద ఉండాలి. నీళ్లు తోడకూడదు, నూలు ముట్టకూడదు, కండెలు చుట్టకూడదు. ఆమెకు వేరే సత్తు కంచం. మగవాళ్లకు వడ్డించే మధ్యలో ఎవరూ అటు పోయి రాకూడదు కనుక, వాళ్లు కూచోకముందే ఆ కంచం పోవాలి. బయటున్న మనిషి మళ్లీ అడిగిందని మాటిమాటికీ గడప దాటడం కుదరదు కనుక, పెట్టేదంతా ఒక్కసారే పెట్టాలి. అందుకని రెండు సంగటి ముద్దలు, పప్పు, గోగాకు, వేరుసెనగ బుడ్డలు నూరిన ఊరిబిండి, పక్కన చెంబెడు మజ్జిగ. అన్నీ వేడివేడిగా, అందరికంటే ముందు.

ఆ కంచం ముందు మా అత్తను చూసి నేను ఆశ్చర్యపోయాను. కాళ్లు చాపుకుని కూచునేది. ముందు కాసేపు కంచాన్ని ఊరికే చూసేది. తర్వాత నిదానంగా, ముద్ద ముద్దకూ ఊరిబిండి అద్దుకుంటూ, ఎవరూ కేకేసి లేపని మనిషిలా తినేది. మైల అని దూరంగా పెట్టిన మూడు రోజులే ఆమె ఆ ఇంట్లో మనిషిలా బతికింది. మిగతా ఇరవై ఏడు రోజులు శుభ్రంగా ఉండి పస్తులుండేది. దీన్నేమనాలో నాకు ఇన్నేళ్లకూ తెలియలేదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆడపిల్ల పెద్దమనిషైతే మా వైపు ఏం తినిపిస్తారో తెలుసు కదా. నువ్వులు, బెల్లం దంచిన చిమ్మిలి, కొబ్బరి, నెయ్యి. నడుముకు బలమని కూచోబెట్టి, వద్దన్నా నోట్లో కుక్కుతారు. వీధి వీధంతా వచ్చి చూస్తుంది. ముట్టు వచ్చిన రోజు అంత మర్యాద. ముప్పై ఐదేళ్లు దాన్ని మోసి, పిల్లల్ని కని, అది ఆగిపోయిన రోజు మాత్రం ఆ నడుము ఏమైందని అడిగే దిక్కు ఉండదు.

ఆ ఏడు మా అత్తకు ఒంట్లో ఆవిర్లు మొదలయ్యాయి. చలికాలం తెల్లవారుజామున కూడా మొహం ఎర్రబడి చెమటలు కారేవి. లేచిపోయి, నీళ్ల కాగుకు చెంప ఆనించి నిలబడేది. నిద్ర లేదు. మణికట్లు నొప్పి. రాట్నం తిప్పుతూ తిప్పుతూ ఆపి, చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూసుకునేది. కండెలు తగ్గాయి. కండె లేక మగ్గం రెండు మూడుసార్లు ఆగింది. అప్పుడు మామకు ఆమె జబ్బు తెలిసింది. ఆమెకు బాగాలేదని కాదు, మగ్గం ఆగిందని ఆదోనికి తీసుకుపోయాడు. ఆయన నూలు బేరానికి పోయి, మమ్మల్నిద్దరినీ ఆసుపత్రిలో దింపాడు.

ఆ నర్సమ్మ తెల్లచీర కట్టుకుని, మెడలో చిన్న సిలువ వేసుకుని ఉంది. మా అత్త చెయ్యి పట్టుకుని, కళ్ల రెప్పలు లాగి చూసింది. ఏం తింటావమ్మా అని అడిగింది.

"అందరూ తిన్నంక" అంది మా అత్త.

ఎప్పుడని కాదు, ఏమి తింటావు అని నర్సమ్మ మళ్లీ అడిగింది. మా అత్త పరీక్షలో ప్రశ్న అడిగినట్టు నా వైపు చూసింది.

"మిగిలింది" అంది.

నర్సమ్మ రాయడం ఆపింది. ముట్టు ఆగిందా, ఎన్నాళ్లయింది అని అడిగింది. మా అత్త మళ్లీ నా వైపు చూసింది, గోడ వైపు చూసింది, చివరకు ఉగాది నుంచి లేదని నేలను చూస్తూ చెప్పింది. అది దీపావళి ముందు మాట. ఉగాది నుంచి నెలనెలా ఆమె వసారాలో కూచుంది. నెలనెలా సత్తు కంచం నింపి తీసుకుపోయింది నేనే.

నర్సమ్మ చెప్పినవన్నీ ఇప్పుడు మా అమ్మాయి కాగితంలో ఉన్నవే. రాగులు మానొద్దు, నువ్వులు రోజూ ఒక పిడికెడు, పాలు ఒక లోటా, ఆకుకూర, పప్పు, గుడ్డు తినే ఇల్లైతే గుడ్డు. ఇది జబ్బు కాదు, ఒళ్లు మారే కాలం, ఇప్పుడు తినకపోతే నడుము వంగిపోతుంది అని చెప్పింది. మామ రాగానే ఆయనకూ తిండి సంగతి చెప్పింది. ఆయన తల ఊపాడు. ఆయన తల ఊపితే అయిపోయినట్టే అనుకున్నాను నేను. ఎంత వెర్రిదాన్ని.

తిరుగు బస్సులో మామ ముందు కూచున్నాడు. మా అత్త నా చెవి దగ్గరికి వంగింది.

"సెప్పొద్దు పాపా. నువ్వు సెప్తే నా కంచం పోతాది. మూడు దినాలన్నా కూచోని తింటాండా. అదీ పోతే యాడ తినల్ల?"

చెప్పనని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఇంటికి వచ్చాక అవ్వ నర్సమ్మ చెప్పిన తిండి సంగతంతా విని నవ్వింది. ఒళ్లంతా ఆవిర్లని ఏడుస్తున్న మనిషికి నువ్వులు పెట్టమని చెప్పిందా, ఆ నర్సమ్మకు బుద్ధి ఉందా అంది. నువ్వులు వేడి, బెల్లం వేడి, బుడ్డలు వేడి, గుడ్డు ఇంకా వేడి. పాలు చలవే కానీ అవి మగ్గం తొక్కే వాళ్లకూ, కడుపు పండాల్సిన నాకూ కావాలి. వయసు మళ్లిన ఆడదానికి ఆకలి తగ్గాలి, తగ్గకపోతే అదే జబ్బు అని తేల్చేసింది. ఒకటొకటిగా నర్సమ్మ చెప్పినవన్నీ కొట్టేసి, చివరకు చలవ చేస్తుందని పల్చటి మజ్జిగ మిగిల్చింది. మామ అది ఆడవాళ్ల సంగతి అని మగ్గం గుంతలోకి దిగిపోయాడు. ఆడవాళ్ల సంగతి అంటే ఎవరి సంగతీ కాదని అర్థం.

అప్పటి నుంచి ఆ మూడు రోజుల కంచమే మా అత్తకు మందైంది. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నువ్వుల పొడి పెట్టేదాన్ని. పప్పు కింద బెల్లం ముక్క దాచేదాన్ని. మజ్జిగ చెంబులో మజ్జిగ పైన ఉండేది, పెరుగు అడుగున ఉండేది. మా ఇద్దరి రోజులు కలవకుండా ఆమే లెక్క చూసుకుని బయటికి పోయేది. ఆమె తింటుంటే నేను గొడ్ల దగ్గర పేడ ఎత్తుతున్నట్టు వంగి చూసేదాన్ని. ముద్దలో నువ్వులు తగలగానే నమలడం ఆపి, నా వైపు చూడకుండా తల దించుకునేది. అట్లా నాలుగు నెలలు గడిచాయి. ఆమె కంటి కింద నలుపు కొంచెం విరిగిందని నాకు అనిపించేది.

దాన్ని పాడుచేసింది నేనే.

మా ఊరి దేవరకు, అంటే అమ్మవారి జాతరకు, మా అమ్మ ఆదోని నుంచి వచ్చింది. ఇద్దరం కండెలు చుట్టుకుంటూ కూచున్నాం. అత్తను నేను ఎంత బాగా చూసుకుంటున్నానో మా అమ్మకు చెప్పి మెప్పు పొందాలని నాకు బుద్ధి పుట్టింది. నువ్వుల సంగతి చెప్పాను. నువ్వులు చెబితే మిగతాదీ చెప్పాల్సి వచ్చింది. మా అమ్మ కళ్లు తుడుచుకుంది. ఎవరితోనూ అనొద్దన్నాను. అననంది.

మా అమ్మ చెడ్డది కాదు. అదే నా బాధ. మరునాడు అవ్వ నైవేద్యం కుండ ఎవరు వండాలా అని తర్జనభర్జన పడుతోంది. ఆ ఏడు మా ఇంటి వంతు. కోడలికి సరిగ్గా దేవర నాడే ముట్టు పడుతుంది, మనవడి పెళ్లానిదీ నమ్మకం లేదు అని వేళ్లు మడుస్తోంది. మా వైపు ముట్టు ఆగిన పెద్ద ఆడది దేవర కుండ వండడం గొప్ప మర్యాద. మా అమ్మకు నేను అనొద్దన్న మాట గుర్తుకొచ్చేలోపే, మా అత్తకు ఆ మర్యాద దక్కాలన్న ఆశ నోట్లోంచి వచ్చేసింది.

"మీ కోడలికేమి పెద్దమ్మా, ఆగిపోయె కదా. దేవర పనులన్నీ ఇంగ ఆమె సేత్తోనే సేయించొచ్చు."

అవ్వ వేళ్లు మడవడం ఆపింది.

ఆ తర్వాత జరిగింది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. అవ్వ మా అత్తను మగ్గాల మధ్య, కూలి మనుషుల ఎదుట నిలబెట్టింది. ఏ నెల నుంచి లేదో చెప్పమంది. ఏ ఆడదాన్నైనా మగవాళ్ల ముందు అడగాల్సిన మాటా అది? నెలకు మూడు రోజుల పని ఎగ్గొట్టి, తిండి కోసం ముట్టు నాటకం ఆడిందని తిట్టింది. కోడలు వచ్చినాక కూడా సిగ్గులేకుండా బయట కూచుందని తిట్టింది. మామ మగ్గం మీది నాడె తీసి విసిరికొట్టాడు. మా అమ్మ ఒక మూల ఏడుస్తోంది. నేను స్తంభం వెనక నిలబడ్డాను. కంచం నింపిన దాన్ని, నువ్వులు దాచిన దాన్ని, గుట్టు బయటపెట్టిన దాన్ని, ఆ పూట ఒక్క మాట మాట్లాడలేదు. అవ్వ మీద ఎంత కోపమో నా మీదా నాకు అంతే కోపం.

మా అత్త ఏడవలేదు. మామ వైపు తిరిగింది.

"నూలుకు గంజి పల్చనైతే నీకు తెలుస్తాది. నాకు పల్చనైతే ఎవురికి తెలుస్తాది?"

ఆయన గుంతలోకి దిగాడు. కూచుని మగ్గం తొక్కడం మొదలుపెట్టాడు.

అవ్వ తీర్పు చెప్పింది. ఇకనుంచి కోడలు నెల పొడుగునా శుద్ధంగా ఉన్నట్టే కనుక, ముప్పై రోజులూ వంటా, కండెలూ ఆమెవే. పైగా దేవర కుండ వండిన ఆడది కనుక సోమవారం, శుక్రవారం, శనివారం ఒక్కపొద్దు ఉండాలి. ఒంటికి చలవ, ఇంటికి పుణ్యం. మర్యాద పేరుతో వారానికి మూడు పూటలు లాగేసింది. దేవర నాడు ఆమె కుండ ఎత్తుకుని నడుస్తుంటే ఆడవాళ్లు వంగి కాళ్లకు మొక్కారు. పొద్దున్నుంచి ఆమె నోట్లో నీళ్లు తప్ప ఏమీ పడలేదని ఆ మొక్కిన వాళ్లలో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం నీళ్ల కాగు దగ్గర కళ్లు తిరిగి కూలబడింది. నేను లేపాను. ఏమీ లేదని లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

మరుసటి నెలలో నేను బయట చేరాను. అది శుక్రవారం. మా అత్తకు ఒక్కపొద్దు. తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, నాకు సత్తు కంచం తెచ్చింది. రెండు ముద్దలు, పప్పు, గోగాకు, ఊరిబిండి. దూరంగా పెట్టి, నేను లాక్కునేదాకా నిలబడింది. ఆమె మొహం చెమటతో తడిసి ఉంది. కంచం వైపు చూడకుండా ఉండాలని పక్కకు తిరిగింది కానీ కళ్లు ఇటే ఉన్నాయి. కంచం ఆమె వైపు తోసి, తినమన్నాను.

అవ్వ ఎదురుగా గడప దగ్గర చేట పెట్టుకుని గింజలు ఏరుతోంది. మా అత్త అవ్వ వైపు చూసింది. చేతిలో గరిటె కింద పెట్టింది. వచ్చి నా చాప మీద, నా మోకాలికి మోకాలు తగిలేట్టు కూచుని, నా కంచంలో చెయ్యి పెట్టింది.

అవ్వ చేట జారిపోయింది. ఏం చేస్తున్నావని అరిచింది. బయటున్న మనిషిని ముట్టుకుంటే తలకు పోసుకుని లోపలికి రావచ్చు, అది అందరికీ తెలిసిన కట్టడి. బయటున్న మనిషి కంచంలో తింటే ఏం చెయ్యాలో అవ్వకే తెలియదు. ఆ ఇంట్లో అట్లాంటి పని ఎవరూ చెయ్యలేదు.

మా అత్త ముద్ద మింగింది.

"ముట్టుకున్న్యాను. తిన్న్యాను. ఇంగ నేనూ బయటే."

తర్వాత ఇంకో ముద్ద కలుపుకుంది. నేనూ తిన్నాను. ఇద్దరం ఒకే కంచంలో, కాళ్లు చాపుకుని. అవ్వ కాసేపు గొణుక్కుంది, కాసేపు తిట్టింది. లోపలికి రమ్మనడానికి ఆమె మడి ఒప్పుకోలేదు, ఇంట్లో ఇంకో ఆడది లేదు. మగ్గాల చప్పుడు ఆగింది. మగవాళ్లు కాళ్లు కడుక్కుని వచ్చి పీటల మీద కూచున్నారు. మామ "ఏమ్మే" అని కేక వేశాడు. మా అత్త లేవలేదు. ఆయన రెండోసారి పిలిచాడు. అప్పుడు అవ్వే గోడ పట్టుకుని లేచి, ఎన్నో ఏళ్ల తర్వాత గరిటె పట్టింది.

బయటున్న మనిషి కంచం ముందు పోకుండా మగవాళ్లకు వడ్డించడానికీ ఆమె కట్టడి ఒప్పుకోలేదు. ఇంకో కంచంలో సంగటీ పప్పూ పెట్టుకుని, వసారా దాకా తెచ్చి, మా అత్త ముందు దింపింది. మా అత్త అదీ తినేసింది, నిదానంగా, వేళ్లు నాకి. అవ్వ ఇంకా అక్కడే నిలబడి ఉంది. మా అత్త ఖాళీ కంచం ఆమె వైపు జరిపింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ నోట ఎవరూ వినని మాట అన్నది.

"ఇంగా రోంత పెట్టత్తా."

అవ్వ ఆమె మొహంలోకి చూసింది. తర్వాత మోకాలి మీద చెయ్యి పెట్టుకుని, మళ్లీ లోపలికి పోయింది.